సోమవారమ్మకు ఉద్యోగం లేని రోజు

ఆ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ ఎవరని అడిగితే సగంమంది కాసేపు తడుముకుంటారు. మూడేళ్లకొకరు మారే మనిషి ఎవరికని గుర్తుంటాడు. అదే సోమవారమ్మ ఎక్కడుంటుందని అడగండి, గేటు దగ్గర పడుకునే కుక్క కూడా లేచి పరిపాలనా భవనం దాకా దారి చూపిస్తుంది. ఆమె అసలు పేరు జీతాల పట్టీలో ఉంది. దాన్ని అక్కడే ఉండనిద్దాం, పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

సోమవారం సోమవారం వచ్చే "సిబ్బంది వార్తలు" ఆమె చేతి పని. రెండు వైపులా అచ్చయిన ఒకే ఒక్క పొడుగు కాగితం. కొత్తగా ఎవరు చేరారు, ఎవరు రిటైరయ్యారు, ఎవరికి ప్రమోషను, గురువారం ఏ హాల్లో ఎవరి ఉపన్యాసం, శుక్రవారం ఏ భవనానికి నీళ్లు రావు, లైబ్రరీ మెట్ల మీద దొరికిన కళ్లజోడు ఎవరిది, అన్నీ అందులోనే. ఆరువందల నలభై కాపీలు. పొద్దున ఎనిమిదింటికి ఆమె గది తాళం తీసి జెరాక్సు మిషను వేడెక్కించిందంటే పదిన్నరకల్లా ప్రతి బల్ల మీదా కాగితం పడాలి. అదే కాగితాన్ని ఈమెయిల్లో కూడా పంపుతుంది. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు దాన్ని తెరవకుండానే, ప్రింటు తీసి పంపమని మళ్లీ ఆమెకే ఫోను చేస్తారు.

రాసి రాసి ఆమె ఒక భాష తయారు చేసింది. రిటైరయ్యేవాళ్ల గురించి నాలుగు మంచి వాక్యాలు వేయడం అక్కడి ఆనవాయితీ. మంచి వాక్యాలు ఎక్కణ్ణుంచి తెస్తుంది పాపం. "క్రమశిక్షణకు మారుపేరు" అని వేసిందంటే ఆయన నోటికి జడిసి ఎవరూ ఆ గది వైపు పోయేవాళ్లు కాదని అర్థం. "అందరితో కలివిడిగా ఉండేవారు" అంటే తన సీట్లో ఏనాడూ కనపడలేదని. "పరిశోధనే ఊపిరిగా బతికారు" అంటే క్లాసులు ఎగ్గొట్టారని. "సౌమ్యులు" అంటే ముప్పై ఏళ్లలో ఏం చేశారో ఎంత ఆలోచించినా ఎవరికీ తట్టలేదని. పొగడ్త అందుకున్నవాళ్లు ఆ కాగితానికి ఫ్రేము కట్టించి ఇంట్లో గోడకు తగిలించుకునేవాళ్లు. మిగతావాళ్లు చదివి కడుపుబ్బ నవ్వుకునేవాళ్లు. ఈ భాష అటెండర్ల దగ్గర్నుంచి డీన్ల దాకా అందరికీ వచ్చు. తమ వంతు వచ్చేసరికి మాత్రం అంతా మరిచిపోయి, నిజంగానే తనను పొగిడిందని కళ్లు తుడుచుకుంటారు.

అందరి ఉద్యోగాల కబుర్లూ రాసే ఈమెకు ఉద్యోగం ఉందా అంటే, ఉన్నట్టే ఉంటుంది. ఆమె తాత్కాలికం. చేరి పద్దెనిమిదో ఏడు నడుస్తున్నా తాత్కాలికమే. ఆమె కుర్చీ రెండుసార్లు మారింది, బల్ల ఒకసారి మారింది, జెరాక్సు మిషను నాలుగుసార్లు మారింది. మారనిది ఆమె హోదా ఒక్కటే.

ఎవరైనా ఎడతెగకుండా పనిచేస్తే రేపు శాశ్వతం చేయమని పీకల మీద కూర్చుంటారని ఆఫీసువాళ్ల భయం. అందుకని ఏడాదికో రోజు సర్వీసులో బ్రేకు ఇస్తారు. ఆ ఒక్క రోజు ఆమె ఎవరో వాళ్లకు తెలియదు, వాళ్లెవరో ఆమెకు తెలియదు. మర్నాడు కొత్త ఉత్తర్వు, కొత్త ఉద్యోగం. సరే, ఆ రోజు ఏదై ఉండాలి. ఆదివారం ఎలాగూ సెలవు కాబట్టి చెల్లదన్నారు. శనివారం ఒంటిపూట కాబట్టి సగం బ్రేకే అవుతుందన్నారు. బుర్రలు బద్దలు కొట్టుకుని చివరికి సోమవారం అని తేల్చారు, అదీ కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యే నెలలో మొదటి సోమవారం. ఏడాది మొత్తంలో సిబ్బంది వార్తలు అన్నిటికన్నా బరువుగా వచ్చే రోజు అదే. కొత్త శాఖాధిపతులు, కొత్త టైంటేబుళ్లు, హాళ్ల కేటాయింపు, ఎవరి గది ఎవరికి పోయింది అన్నీ ఆ రోజే. ఇంత చదువుకున్నవాళ్లు పప్పులో కాలెలా వేశారని మీరు ముక్కున వేలేసుకోనక్కర్లేదు. వాళ్లకు తెలుసు. బ్రేకు కాగితం మీద, పని మిషను మీద, రెండిటికీ ఏం సంబంధం అని వాళ్ల ధీమా.

మొదటి ఏడు ఆమె నిజంగానే ఇంట్లో ఉండిపోదామనుకుంది. ఉద్యోగం లేదన్నారు కదా, హాయిగా పడుకుందామనుకుంది. ఏడున్నరకు ఫోను. చేసింది సెక్షన్ సూపరింటెండెంటు. ఆయనకు అక్కడ చూద్దాంగారని పేరు. జీతం పెంచమన్నా, ఫ్యాను తిరగడం లేదన్నా, భవనం అంటుకుందన్నా ఆయన చెప్పేది ఒక్కటే మాట.

"అమ్మా, వార్తలు రావాలి కదా. ఎలా మరి?"

"నాకివాళ ఉద్యోగం లేదు కదండీ."

"లేదులేమ్మా. లేదనుకో. అయినా వచ్చేసెయ్. సంతకం మాత్రం పెట్టకు."

"మరి ఇవాళ్టి జీతం?"

"చూద్దాం."

ఆమె జడ బిగించుకుని బయల్దేరింది. అత్తగారు వరండాలో కూర్చుని చూస్తోంది. నోట్లో మాట దాచుకునే అలవాటు ఆవిడకు పుట్టుకతోనే లేదు.

"ఉద్యోగం ఉన్ననాడూ పోతావు, లేనినాడూ పోతావు. ఇంక ఉండటానికీ ఊడటానికీ తేడా ఏంటే?"

"వెళ్లకపోతే రేపు కొత్త కాగితం ఇవ్వరు అత్తయ్యా."

భర్త ఆ విశ్వవిద్యాలయంలోనే బస్సు డ్రైవరు, శాశ్వత ఉద్యోగి. ఆ పూట ఆయన భార్య మొహం చూసి, "నా బస్సు బ్రేకే నయం, నేను తొక్కితేనే పడుతుంది," అన్నాడు. ఆమె నవ్వలేదు.

అసలు అవమానం గేటు దగ్గర మొదలైంది. గేటు కాపలా ఆయన్ని అందరూ సంతకాల బాబాయ్ అంటారు. రిజిస్టరులో సంతకం లేకుండా గాలిని కూడా లోపలికి పోనివ్వడని పేరు. ఒకసారి వైస్ ఛాన్సలర్ సొంత అన్నగారిని ఎండలో నిలబెట్టి, ఇంటిపేరు పూర్తిగా రాసేదాకా కదలనివ్వలేదు. ఆ ఉదయం ఆయన సోమవారమ్మ గుర్తింపు కార్డు తీసుకుని, వెనక్కి తిప్పి, తేదీ చూశాడు.

"నిన్నటితో అయిపోయిందమ్మా ఇది."

"రేపు కొత్తది ఇస్తారు బాబాయ్."

"రేపు చూపించు. ఇవాళ నువ్వు సందర్శకురాలివి. ఇందులో రాయి."

"నేను నీకు తెలీదా? నిన్న కాక మొన్న నీ కూతురికి స్కూలు ఫారం నింపిపెట్టాను."

"తెలీకేం. తెలిసినవాళ్లకు వేరే గీత లేదమ్మా ఇందులో. పేరు, ఎవర్ని కలవాలి, పనేంటి, వచ్చిన టైము. వెళ్లేటప్పుడు మళ్లీ ఆగు, వెళ్లిన టైము వేస్తాను."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అటు వెనక, రిటైరయ్యేనాడు ఆమె పొగడ్తకు ఎక్కబోయే ప్రొఫెసరొకడు స్కూటరు మీద హారను కొడుతున్నాడు, తప్పుకోమని. రాసింది. "ఎవర్ని కలవాలి" దగ్గర సూపరింటెండెంటు అని రాసింది. "పని" దగ్గర పని అని రాసింది. ఆ రోజు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా ఉద్యోగం లేకుండా ఉద్యోగం చేసింది. మర్నాడు కొత్త ఉత్తర్వు వచ్చింది, కొత్త గుర్తింపు కార్డు వచ్చింది. బాబాయ్ దాన్ని చూసి, ఏమీ జరగనట్టు సెల్యూటు కొట్టాడు.

అలా పదిహేడు సోమవారాలు. ప్రతి ఏడూ అదే ఫోను, అత్తగారిది అదే ప్రశ్న, గేటు దగ్గర అదే పుస్తకం. చూద్దాంగారి మీద కోప్పడితే ఉద్యోగం పోతుంది కాబట్టి ఆమె ఆ కోపమంతా బాబాయ్ పుస్తకం మీద చూపించేది. "పని" అనే గీతలో ఏడాదికో ముక్క కక్కేసి లోపలికి పోయేది. బాబాయ్ అదేం చదివేవాడు కాదు. గీత ఖాళీగా లేకపోతే ఆయనకు చాలు.

ఇక్కడ ఆమె సంగతి ఒకటి చెప్పాలి. శాశ్వతం కావాలని ఆమెకు ఉన్నది దర్పం కోసం కాదు. పదకొండో ఏడు భర్తకు కడుపులో ఆపరేషను జరిగింది. తాత్కాలికం వాళ్లకు సెలవులు లేవు, రాకపోతే రానట్టే. ఆపరేషను జరిగింది ఆ మొదటి సోమవారం నాడే. ఉద్యోగం లేని రోజు కదా, కనీసం ఆ ఒక్క రోజైనా భర్త పక్కన ఉందామనుకుంది. ఏడున్నరకు ఫోను వచ్చింది. భర్తను థియేటరు లోపలికి తీసుకుపోయే వేళకు ఆమె జెరాక్సు మిషను దగ్గర నిలబడి, కొత్త శాఖాధిపతుల జాబితా రెండు వైపులా సరిగ్గా పడుతోందా లేదా చూస్తోంది. ఆ తర్వాత ఆమె దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. అయితే ఆనాటి నుంచీ ఆమెకు ఒకే కోరిక. ఎప్పుడైనా ఒంట్లో బాగోకపోతేనో, బుద్ధి పుడితేనో, ఇవాళ రాను అని చెప్పి ఇంట్లో కూర్చునే హక్కు కావాలి.

పద్దెనిమిదో ఏట ప్రభుత్వం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పదేళ్లు ఎడతెగకుండా పనిచేసిన తాత్కాలిక సిబ్బందిని శాశ్వతం చేస్తారు. వయసు యాభై రెండు దాటకూడదు. ఆమెకు యాభై రెండు నిండటానికి ఇంకా నాలుగు నెలలుంది. అంటే ఇప్పుడు, లేదా ఇంక ఈ జన్మలో లేదు. ఆ ఉత్తర్వు అందరికన్నా ముందు ఆమె చేతికే వచ్చింది, వార్తల్లో వేయమని. పైన మొదటి వార్తగా వేసింది. లావు అక్షరాల్లో వేసింది. వేసి, దరఖాస్తు రాసుకుని చూద్దాంగారి ముందు నిలబడింది.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. నీళ్లు నమిలాడు.

"నీకు ఎడతెగింది కదమ్మా. ఏడాదికో బ్రేకు. ఒకటా రెండా, పదిహేడు."

"ఆ పదిహేడు రోజులూ నన్ను పిలిచింది మీరే కదండీ."

"పిలిచాననుకో. కాగితం ఏది? సంతకం ఏది? హాజరు పట్టీలో ఆ రోజులన్నీ ఖాళీయేగా."

"సంతకం పెట్టొద్దన్నది కూడా మీరే."

"అదే మరి. పెట్టలేదుగా."

చిత్రం ఏమిటంటే, ఆ క్యాంపస్‌లో తాత్కాలికం వాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు, ప్రయోగశాలల్లో, హాస్టళ్లలో, తోట పనిలో. వాళ్లెవరికీ బ్రేకుల్లేవు. ఆ శాఖలవాళ్లకు అలాంటి రూలొకటి ఉందనే గుర్తు లేదు. రూలు పుట్టిన గదిలో కూర్చున్నందుకు రూలు ఈమె ఒక్కదాని మీదే పడింది. తర్వాతి సోమవారం అర్హుల జాబితా ఆమె బల్ల మీదకు వచ్చింది. పదకొండు పేర్లు. తన పేరు లేని ఆ జాబితాను తనే టైపు చేసింది, తప్పుల్లేకుండా చూసుకుంది, ఆరువందల నలభై కాపీలు తీసింది. కింద చిన్న అక్షరాల్లో, "అభ్యంతరాలున్నవారు ఏడు రోజుల్లోగా తెలుపవచ్చు" అని ఉంటే దాన్ని మాత్రం కాస్త పెద్దది చేసింది.

సాయంత్రం గేటు దాటుతూ ఆమె ఆగింది. లోపలున్నదంతా ఎవరి మీదో ఒకరి మీద పోయాలి కదా.

"నీ కడుపు నిండిందా బాబాయ్? పద్దెనిమిదేళ్లు ఇక్కడ అరిగిపోయి, చివరికి నేను ఈ చోటికి చుట్టపుచూపుగా వచ్చిపోయినదాన్ని. ఏడాదికోసారి సందర్శకురాలు అని నాతో రాయించావు చూడు, చక్కగా అదే నిజం చేశారు."

బాబాయ్ నొచ్చుకున్నాడు. ఆమె బాధ అర్థమై కాదు. తన పుస్తకాన్ని అనుమానించిందని.

"నా పుస్తకంలో తప్పుండదమ్మా. పోయినేడు ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా వచ్చావు, ఏడు నలభైకి వెళ్లావు. అంతకు ముందేడు వాన పడింది, ఎనిమిదీ పదికి వచ్చావు. కావాలంటే చూసుకో. మొదటి ఏడు కాణ్ణుంచీ ఉన్నాయి."

"అన్నీనా? పాతవి పారేయరా?"

"పదేళ్లయ్యాక పారేయమని రూలు. కాకపోతే పైనుంచి రాతలో ఉత్తర్వు రావాలి. ఎవరూ ఇవ్వలేదు. ట్రంకు పెట్టెలో పెట్టాను."

ఆమె చెప్పులు అక్కడే నేలకు అతుక్కుపోయాయి. పదిహేడేళ్లుగా ఆ గేటు దగ్గర తిట్టుకుంటూ రాసిన ప్రతి గీతా, వచ్చిన టైముతో, వెళ్లిన టైముతో, ఆ రేకు పెట్టెలో ఉంది. హాజరు పట్టీలో సంతకం పెట్టకుండా ఆఫీసు ఎంత జాగ్రత్తపడిందో, గేటు దగ్గర సంతకం తప్పకుండా పెట్టించడంలో అదే ఆఫీసు రూలు అంతకన్నా జాగ్రత్తపడింది. ఆమె గట్టిగా నవ్వింది. తర్వాత, ఎందుకో, ఆ గేటు గది అరుగు మీద కూర్చుని ఏడ్చింది. బాబాయ్ ఏం చేయాలో తోచక, "నీళ్లు తాగుతావా," అని అడిగి, సీసా ఇచ్చాడు.

మర్నాడే ఆమె అభ్యంతరం రాసి ఇచ్చింది. దాని విచారణకు కార్మిక శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని దాని పైనుంచి చూసే రకం. ఒక పక్కన రిజిస్ట్రారు, ఆయన పక్కన చూద్దాంగారు. ఎదురుగా సోమవారమ్మ. భర్త బస్సును ఆ భవనం బయట ఆపుకుని, ఇంజను ఆపకుండా కూర్చున్నాడు, ఎందుకలా ఉంచాడో ఆయనకే తెలియాలి. బాబాయ్ తోటమాలి తోపుడు బండిలో పదిహేడు రిజిస్టర్లు వేసుకుని వచ్చి, గుమ్మం బయట ఆగి, వాటిని లోపలికి పంపేముందు ఆఫీసరమ్మ దగ్గర రసీదు అడిగాడు. రిజిస్ట్రారు ఆయన మీద ఒంటికాలి మీద లేచాడు. ఆఫీసరమ్మ మాత్రం సంతకం పెట్టి ఇచ్చింది.

"ఇవి సందర్శకుల రిజిస్టర్లు మేడమ్," అన్నాడు రిజిస్ట్రారు. "ఈమె ఆ రోజుల్లో సందర్శకురాలు అని ఇవే చెబుతున్నాయి. మేము చెప్పేదీ అదే."

"చూడనివ్వండి," అని ఆవిడ మొదటిది తెరిచింది. పైకే చదివింది. "ఎవర్ని కలవాలి, సూపరింటెండెంటును. పని, పని. పొద్దున ఎనిమిది, రాత్రి ఏడు. పదకొండు గంటలు కలిశారా సూపరింటెండెంటు గారూ?"

చూద్దాంగారు కుర్చీలో సర్దుకున్నాడు.

రెండోది. పని, "నిరుటి పనే." మూడోది. ఎవర్ని కలవాలి, "నా కుర్చీని." నాలుగోది, "జెరాక్సు మిషనును. దానికొక్కదానికే నా మీద దయ." ఆఫీసరమ్మ నవ్వు ఆపుకోవడానికి పెదవులు బిగించింది. ఆరోది. "నాకివాళ ఉద్యోగం లేదట. ఆ సంగతి వార్తలకు ఇంకా తెలియదు." ఏడోదానికి వచ్చేసరికి ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. "ఎవర్ని కలవాలి, పని చెప్పేవాళ్లను. పని చేసేవాళ్లు దొరికితే వాళ్లను కూడా."

సోమవారమ్మ తల దించుకుని కూర్చుంది. పదిహేడేళ్ల కోపాన్ని ఒక పరాయి మనిషి, అదీ రిజిస్ట్రారు ముందు, చక్కగా ఒత్తులు పలుకుతూ చదువుతుంటే, భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. ఇప్పుడు ఉద్యోగం శాశ్వతం కాదు సరికదా, ఉన్నది కూడా ఊడుతుందని ఖాయం చేసుకుంది.

తొమ్మిదోది. "డిప్యూటీ రిజిస్ట్రారు గారు రిజిస్ట్రారు అయ్యారని వార్త వేయడానికి. పొద్దున్నే మూడుసార్లు దిద్దించారు."

ఆఫీసరమ్మ కళ్లజోడు పైనుంచి రిజిస్ట్రారు వైపు చూసింది.

"ఇది మీరేనా?"

"అవును గానీ మేడమ్, మూడుసార్లు కాదు. రెండుసార్లే. 'విశిష్ట' అన్న మాట నేను పెట్టమన్నాను, అంతే. మూడోసారి మా ఆవిడ చెప్పింది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తను ఏమన్నాడో ఆయనకు తట్టలేదు. చూద్దాంగారు కళ్లు మూసుకున్నాడు. అంటే, ఆ సోమవారం నాడు ఈమె ఇక్కడ పనిచేసింది. ఆ పని స్వయానా రిజిస్ట్రారే చెప్పాడు. చెప్పి, దిద్దాడు.

ఆఫీసరమ్మ నవ్వుతూనే పేజీలు తిప్పుకుంటూ పదకొండోదానికి వచ్చింది. తెరిచి, చదవబోయి, ఆగింది. ఈసారి పైకి చదవలేదు. చదివి, రిజిస్టరును అటు తిప్పి రిజిస్ట్రారు ముందు పెట్టింది. అందులో ఇలా ఉంది. "ఇవాళ మా ఆయనకు ఆపరేషను. రాలేనని చెప్పాను. రమ్మన్నారు. వచ్చాను." వచ్చిన టైము ఏడూ యాభై. వెళ్లిన టైము ఏడూ పదిహేను. రిజిస్ట్రారు దాన్ని చూద్దాంగారి వైపు జరిపాడు. చూద్దాంగారు చదివి, జేబురుమాలు కోసం వెతుక్కున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయనకు ఎవరి మొహమూ కనపడదు, కాగితాలే కనపడతాయి. ఇన్నాళ్లకు మొహం కూడా కాగితం మీద కనపడింది.

"బతికారా ఆయన?" అంది ఆఫీసరమ్మ.

"బయట బస్సులో ఉన్నారండీ," అంది సోమవారమ్మ. "ఇంజను చప్పుడు ఆయనదే."

చివరి రిజిస్టరు పోయినేటిది. ఎవర్ని కలవాలి దగ్గర ఏమీ లేదు. పని దగ్గర, "బుద్ధి లేక" అని ఉంది. ఆఫీసరమ్మ దాన్ని మూసి, లైబ్రరీ నుంచి తెప్పించిన సిబ్బంది వార్తల ఫైలులో ఆ పదిహేడు తేదీల కాగితాలూ ఉన్నాయో లేదో వరసగా చూసుకుంది. ఒక్కటీ తప్పలేదు.

"సందర్శకులు వస్తారు, కూర్చుంటారు, టీ తాగి వెళతారు," అందావిడ. "ఆరువందల నలభై కాపీలు తీసి బల్ల బల్లకూ పంచి వెళ్లే సందర్శకురాల్ని నేనెక్కడా చూడలేదు. సర్వీసు ఎడతెగలేదు. అలా రాసుకోండి."

"అయినా మేడమ్," అన్నాడు చూద్దాంగారు అలవాటు కొద్దీ, "ఇది ఒకసారి పైవాళ్లతో మాట్లాడి, చూద్దాం..."

"చూసేశాం కదండీ," అంది ఆఫీసరమ్మ.

ఉత్తర్వు వచ్చింది. సంతకం, ముద్ర, వెనకటి తేదీ నుంచి లెక్క, అన్నీ ఉన్నాయి. సిబ్బంది వార్తల్లో తన గురించి నాలుగు వాక్యాలు వేసుకోమని అందరూ ఎగతాళి చేశారు. ఆమె పన్నెండో పేరుగా తన పేరు కలిపి, ఒక్క లైను వేసి ఊరుకుంది. తన భాష తన మీద ప్రయోగించుకోవడానికి ఆమెకేం పిచ్చి. బాబాయ్ కొత్త గుర్తింపు కార్డు వెనక్కి తిప్పి గడువు తేదీ వెతికాడు. అది లేకపోయేసరికి రెండుసార్లు తిప్పి చూసి, అప్పుడు సెల్యూటు కొట్టాడు.

శాశ్వత ఉద్యోగిగా ఆమె చేసిన మొట్టమొదటి పని సెలవు చీటీ రాయడం. వచ్చే సోమవారానికి. చూద్దాంగారు చీటీ పట్టుకుని తలప్రాణం తోకకొచ్చినట్టు చూశాడు.

"సోమవారమేంటమ్మా. మంగళవారం పెట్టుకోరాదూ?"

"సోమవారమే కావాలండీ."

"కారణం రాయలేదు. కారణం ఉండాలి."

ఆమె చీటీ వెనక్కి తీసుకుని, కారణం దగ్గర, "సెలవు ఉంది కాబట్టి" అని రాసి ఇచ్చింది. చూద్దాం అనబోయి ఆయన నోరు మూసుకున్నాడు. సంతకం పెట్టాడు.

ఆ సోమవారం సిబ్బంది వార్తలు రాలేదు. విశ్వవిద్యాలయం పుట్టాక అది మొదటిసారి. వైస్ ఛాన్సలర్ పూలగుత్తి పట్టుకుని తప్పు హాల్లోకి వెళ్లి, పరీక్ష రాస్తున్న పిల్లల ముందు నిలబడి ముఖ్య అతిథి కోసం ఇరవై నిమిషాలు ఎదురుచూశాడట. ముఖ్య అతిథి సరైన హాల్లో ఒక్కడే కూర్చుని టీ తాగి వెళ్లిపోయాడట. రసాయన భవనంలో నీళ్లు రావని ఎవరికీ తెలియక సబ్బు చేతులతో ఇద్దరు ప్రొఫెసర్లు కారిడారులో తిరిగారట. ఇవన్నీ భర్త సాయంత్రం వచ్చి చెప్పాడు. పొద్దున మాత్రం ఆమెకేం తెలియదు. ఎనిమిది దాటినా మంచం దిగలేదు. నిద్ర కూడా పట్టలేదు, అలవాటు లేదు కదా. ఊరికే పడుకుని ఫ్యాను వైపు చూస్తోంది.

ఏడున్నర నుంచీ ఫోను మోగుతోంది. ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. అత్తగారు వరండాలోంచి లేచి వచ్చింది.

"మోగుతోందే."

"మోగనివ్వండి అత్తయ్యా."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి పోలేదేం? మళ్లీ ఊడిందా?"

"ఊడలేదు. సెలవు పెట్టాను."

అత్తగారు మంచం పట్టె మీద చెయ్యి ఆనించి వంగింది. కోడలి మొహంలోకి చూసింది. అప్పుడు, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగాల్సిన అవసరం రానిది అడిగింది.

"జీతం కోస్తారా?"

"కోయరు."

ఫోను మళ్లీ మోగింది. ఈసారి అత్తగారే వెళ్లి తీసింది. అవతల ఎవరో గాభరాగా ఏదో చెబుతున్నారు. ఆవిడ అంతా విన్నది. "లేదు నాయనా, కోడలు ఇవాళ రాదు. సెలవులో ఉంది," అంది. పెట్టేయబోయి, మళ్లీ చెవి దగ్గరకు తెచ్చుకుని, వీధిలోకి వినపడేంత గట్టిగా చెప్పింది.

"జీతంతో."